మోటారు సైకిలు ముందు ఫోర్కులు: ఇంటివద్దనే విప్పి బాగుచేసుకొను విధానము

పూర్వము రైతు తన ఎడ్లబండి ఇరుసుకు కందెన తానే వేసుకొనెడివాడు. చక్రము ఊగినను, చీల వదులైనను ముందుగా అతనికే తెలిసెడిది. నేడు అనేక ఇండ్లలో ఆ బండి చేసిన పనులలో చాల భాగము మోటారు సైకిలు చేయుచున్నది. పాల క్యాను కేంద్రమునకు, కూరగాయల మూట సంతకు, ఎరువు బస్తా పొలమునకు దాని మీదనే పోవుచున్నవి. ఇంజనులో ఆయిలు మార్పించుట రైతు సోదరులందరకును అలవాటైనది. కాని ముందు ఫోర్కులలో కూడ నూనె ఉండుననియు, అదియు పాతబడుననియు గుర్తించినవారు తక్కువ.

పల్లెలలో ముందు షాకులు అని పిలువబడు ఈ ఫోర్కుల నుండి నూనె కారుట మొదలైనప్పుడు, "కారితే కారనీ, బండి నడుచుచున్నది గదా" అని ఊరకుండుట కద్దు. ఇది ప్రమాదకరము. కారిన నూనె కాలి వెంబడి దిగి బ్రేకు పళ్లెము మీదికి చేరును. అక్కడనుండి బ్రేకు షూలకు గాని, డిస్కుకు గాని తగిలినచో ముందు బ్రేకు పట్టదు. వెనుక బస్తా వేసుకొని కాలువగట్టు మీద వచ్చునప్పుడు ఎదురుగా గేదె అడ్డము వచ్చినచో ఆ బ్రేకే మనకు ఆధారము. ఇక లోపల నూనె తగ్గిన ఫోర్కు గతుకులలో చక్రమును నేలకు అంటిపెట్టి ఉంచజాలదు. నేలను తాకని చక్రము మలుపు తిరగదు, బ్రేకునకు ఆగదు.

ఇట్టి పనిని ఓపికగల రైతు ఒక పూటలో ఇంటివద్దనే చేసికొనవచ్చును. అయితే ఒక ముఖ్య విషయము ముందుగా తెలిసికొనవలెను. నూనె కారుట కంటికి కనబడునది సీలు వద్దనే గాని, సీలును పాడుచేయునది చాలసార్లు పైపు. పైపు మీది మట్టిని, తుప్పును, గీతలను సరిచేయక క్రొత్త సీలు వేసినచో అది కొలది దినములలోనే మరల కారును. కావున ఈ వ్యాసములో సీలు మార్చుటకంటె పైపును పరీక్షించుటకు, నూనెను కొలుచుటకు ఎక్కువ చోటీయబడినది.

ఇందు చెప్పబడినది 100 మొదలు 125 సి.సి. వరకు గల సాధారణ బండ్లకుండు నూనె ఫోర్కులను గూర్చి మాత్రమే. స్కూటర్లలో కొన్నింటికి ఫోర్కు వేరు విధముగా నుండును. కొన్ని మోపెడ్ల ఫోర్కులలో స్ప్రింగు, గ్రీజు తప్ప నూనె ఉండదు. ఖరీదైన బండ్ల తలక్రిందుల ఫోర్కులను ఇంట విప్పరాదు.

ఫోర్కు నిర్మాణము

ఫోర్కునకు రెండు కాళ్లు. ఒక్కొక్క కాలిలో రెండు గొట్టములుండును. పైన నున్న నిగనిగలాడు ఉక్కు గొట్టమును ఫోర్కు పైపు అందురు. ఇది హ్యాండిలు క్రింది టీలో బిగింపబడి యుండును. క్రింది అల్యూమినియము గొట్టమును బాటమ్ కేసు అందురు. చక్రపు ఇరుసు దీనికే తగులును. గతుకు తగిలినప్పుడు బాటమ్ కేసు పైకి జరిగి పైపును తనలోనికి తీసికొనును.

పైపులోపల పొడవైన స్ప్రింగు, దాని క్రింద సీటు పైపు అను సన్నని గొట్టము ఉండును. సీటు పైపు అడుగున ఒక అలెన్ బోల్టుచే బాటమ్ కేసునకు బిగింపబడి యుండును. దానికి చిన్న రంధ్రములు, తలవద్ద ఒక రింగు కలవు. ఫోర్కు కుంగినప్పుడు నూనె ఈ రంధ్రముల గుండా ఒక గదినుండి ఇంకొక గదికి పోవును. తిరిగి లేచునప్పుడు అంతకంటె ఇరుకైన దారిన రావలసియుండును. కాబట్టి ఫోర్కు త్వరగా కుంగి, నిదానముగా లేచును. బరువును మోయునది స్ప్రింగు. ఎగిరిపడకుండ ఆపునది నూనె. నూనె లేనిచో ఫోర్కు మంచము మీది స్ప్రింగువలె ఊగుచునే యుండును.

నూనెకు పైన పైపులో కొంత గాలి మిగిలియుండును. ఫోర్కు కుంగినకొలది ఈ గాలి నొక్కుకొని అదియు ఒక స్ప్రింగువలె పనిచేయును. నూనె ఎక్కువ పోసినచో గాలికి చోటు తగ్గి, పెద్ద గతుకులో ఒత్తిడి పెరిగి సీలు పగులును. తక్కువ పోసినచో ఫోర్కు అడుగుదాక పోయి ఠక్కున కొట్టుకొనును. నూనె కొలతకు ఇంత పట్టింపు ఎందుకో దీనివలన తెలియగలదు.

నూనెతో అదుపు చేయబడు ఇట్టి ఫోర్కును 1935లో జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. కంపెనీవారు తమ ఆర్ 12, ఆర్ 17 బండ్లకు అమర్చి అమ్మిరి. 1955లో మదరాసులో కూర్చుట ప్రారంభమైన ఎన్‌ఫీల్డు బుల్లెట్టుకును, 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100కును, 1994లో వచ్చిన స్ప్లెండరుకును మూలసూత్రము ఇదియే. కావున ఒక బండి ఫోర్కును అర్థము చేసికొన్నవారికి తక్కినవానిని విప్పుట కష్టముకాదు.

లోపమును గుర్తించుట

విప్పుటకు ముందు ఈ నాలుగు పరీక్షలు చేయవలెను. వీనికి పనిముట్లు అక్కరలేదు.

1. పైపును శుభ్రముగా తుడిచి, మరునాడు చూడవలెను. నూనె వలయముగా నిలిచినచో సీలు కారుచున్నదని తెలియును.

2. ముందు బ్రేకు పట్టి, హ్యాండిలును బలముగా క్రిందికి నొక్కి వదలవలెను. ఫోర్కు ఒకసారి లేచి నిలువవలెను. రెండు మూడుసార్లు ఊగినచో నూనె తగ్గినదనియో, పలుచబడినదనియో గ్రహింపవలెను. నొక్కినది లేవక బిగిసిపోయినచో పైపు వంగినదేమో అని అనుమానింపవలెను.

3. బండిని సెంటరు స్టాండుపై నిలిపి, ఒకరు వెనుక కూర్చుండగా ముందు చక్రము గాలిలోనికి లేచును. అప్పుడు బాటమ్ కేసుల చివరలు పట్టుకొని ముందుకు వెనుకకు ఊపవలెను. కదలిక పైన హ్యాండిలు మెడవద్ద తెలిసినచో అది కోన్ సెట్టు వదులు. పైపునకు, బాటమ్ కేసునకు నడుమ తెలిసినచో బుష్‌లు అరిగినవన్నమాట. చాల చిన్న బండ్లలో విడి బుష్‌లుండవు. వానిలో బాటమ్ కేసునే మార్చవలసి వచ్చును.

4. చక్రము గాలిలో నుండగానే హ్యాండిలును ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు మెల్లగా త్రిప్పవలెను. సరిగా నడుమ ఒక గుంటలో పడినట్లు ఆగినచో కోన్ సెట్టు దెబ్బతిన్నది. ఇది ఫోర్కు లోపము కాదు. ఫోర్కు విప్పినందువలన పోదు.

ముందుగా చేయదగిన చిన్న చికిత్స

సీలు కారగానే ఫోర్కు విప్పనక్కరలేదు. దమ్ముచేసిన పొలపు బురద గాని, నల్లరేగడి మట్టి గాని పైపుపై ఎండినప్పుడు అందలి సన్నని ఇసుక సీలు పెదవి క్రింద చిక్కుకొని నూనెకు దారిచ్చును. ఈ ఇసుకను తీసిన మాత్రముననే చాల సీళ్లు కారుట మానును.

ఇందుకు పనికిరాని ఎక్సురే ఫిల్మును రెండు వ్రేళ్ల వెడల్పున కత్తిరించి, ఒక మూలను కొక్కెమువలె చేసికొనవలెను. పైనున్న దుమ్ము సీలును జాగ్రత్తగా పైకి జరిపి, పైపును తుడిచి, ఫిల్మును పైపునకు ఆయిలు సీలునకు నడుమ దూర్చి చుట్టును త్రిప్పుచు ఇసుకను వెలుపలికి లాగవలెను. పలుమారులు ఫోర్కును నొక్కి, కారిన నూనెను తుడిచి, మరునాడు చూడవలెను. కారుట ఆగినచో సీలు బ్రదికినట్లే. అయితే కారిపోయిన నూనె లోపల తగ్గియుండును గాన వీలు చూచుకొని నూనె మార్చవలెను. కారుట ఆగనిచో ఇక విప్పవలసినదే.

కావలసిన సామగ్రి

మీ బండికి సరిపడు ఆయిలు సీళ్లు రెండు, దుమ్ము సీళ్లు రెండు, అడుగు బోల్టుల రాగి వాషర్లు రెండు, పైమూతల ఓ రింగులు రెండు తీసికొనవలెను. ఒక కాలు మాత్రమే కారుచున్నను రెండు కాళ్లకును ఒకేసారి మార్చవలెను. ఫోర్కు ఆయిలు రకము, కొలత బండితో వచ్చిన పుస్తకములో గాని, సర్వీసు కేంద్రములో గాని తెలిసికొని కాగితముపై వ్రాసికొనవలెను. సాధారణముగా చిన్న బండ్లకు 10 డబ్ల్యు అను తరగతి నూనె చెప్పబడుచున్నది.

పనిముట్లలో స్పానర్లు, అలెన్ కీలు, సన్నని స్క్రూడ్రైవరు, కిరసనాయిలు, పీచులేని గుడ్డలు, 1500 లేక 2000 నంబరు నీటి ఎమరీ కాగితము, కొంచెము దూది ఉండవలెను. నూనె కొలుచుటకు సూదిలేని పెద్ద సిరంజి బాగుగా ఉపయోగపడును. పశువులకు మందు పట్టిన సిరంజిని దీనికి గాని, దీనికి వాడినదానిని పశువులకు గాని ఎన్నడును వాడరాదు. సీలును లోనికి దింపుటకు పైపు మీదుగా జారుచు, సీలు అంచుకంటె కొంచెము సన్నముగా నుండు పి.వి.సి. గొట్టపు ముక్క చాలును. బోరుబావి పనులలో మిగిలిన ముక్కలలో తగినది దొరకవచ్చును. దాని చివరను చక్కగా కోసి నునుపు చేయవలెను.

విప్పు విధానము

గట్టినేలపై సెంటరు స్టాండు వేసి, ఇంజను క్రింద కొయ్యదిమ్మె పెట్టి ముందు చక్రమును లేపవలెను. సైలెన్సరు గొట్టము క్రింద దిమ్మె పెట్టరాదు. బండి కదలనట్లు నిలిచిన తరువాతనే పని ప్రారంభింపవలెను.

బ్రేకు కేబులును, మీటరు కేబులును ఊడదీసి, ఇరుసు నట్టు విప్పి చక్రమును తీయవలెను. ఇరుసుకు ఏ ప్రక్క ఏ వాషరు, ఏ గొట్టము ఉన్నవో సెల్‌ఫోనులో ఫోటో తీసికొన్నచో మరల కూర్చునప్పుడు తడుముకొననక్కరలేదు. డిస్కు బ్రేకు బండి అయినచో క్యాలిపరును దాని రబ్బరు గొట్టముపై వ్రేలాడనీయక తీగతో కట్టవలెను. ప్యాడుల నడుమ పలుచని కొయ్య ముక్క నుంచవలెను. డిస్కు బయట ఉన్నంతసేపు బ్రేకు లివరును నొక్కరాదు.

చక్రము తీసిన పిదప, కాలు ఇంకను బండికి ఉండగనే, బాటమ్ కేసు అడుగున ఉన్న అలెన్ బోల్టును పావు చుట్టు మాత్రము సడలింపవలెను. ఒకరు బాటమ్ కేసును పైకి నొక్కి పట్టవలెను. స్ప్రింగు ఒత్తిడి ఉన్నంతవరకు సీటు పైపు కదలక నిలుచును. స్ప్రింగు తీసివేసిన తరువాత బోల్టుతోపాటు సీటు పైపు కూడ గిరగిర తిరుగును గాన బోల్టు ఊడదు. అటులనే పై టీకి బిగింపు బోల్టున్నచో దానిని ముందుగా సడలించి, తరువాత పైమూతను కొంచెము వదులు చేయవలెను.

మడ్‌గార్డు తీసి, టీ బోల్టులు వదులు చేసి, కాలిని త్రిప్పుచు క్రిందికి లాగవలెను. ఒకసారి ఒక కాలు మాత్రమే విప్పవలెను. రెండవది నమూనాగా ఉండును. భాగములు కలిసిపోవు.

పైమూత తీయునప్పుడు మిక్కిలి జాగ్రత్త అవసరము. దానిక్రింద స్ప్రింగు నొక్కబడి యున్నది. మూతపై గుడ్డ వేసి, అరచేతితో నొక్కి పట్టి, మొగము ప్రక్కకు త్రిప్పుకొని విప్పవలెను. స్ప్రింగు చుట్లు ఒక చివర దగ్గరగను, రెండవ చివర దూరముగను ఉన్నచో ఏ చివర పైకి ఉన్నదో గుర్తుంచుకొనవలెను. నూనెను గాజు సీసాలోనికి వంచి, పైపును పది పర్యాయములు పైకి క్రిందికి ఆడించి మిగిలినదియు దింపవలెను.

ఈ పాత నూనెను పారవేయక ముందు వెలుతురులో చూడవలెను. మజ్జిగవలె తెల్లబారినచో నీరు చేరినది. వానలలో వాగులు దాటిన బండ్లలో ఇది కనబడును. దుమ్ము సీలు పాడైనదని అర్థము. మెరయు పొడి ఉన్నచో లోపల లోహము అరుగుచున్నది. నల్లగా, కంపుగా ఉన్నచో నూనె చాలకాలము మార్చబడలేదు.

ఇక అడుగు బోల్టును పూర్తిగా తీసి, దుమ్ము సీలును, దాని క్రింది తీగ క్లిప్పును తీయవలెను. విడి బుష్‌లు లేని ఫోర్కులో పైపు నేరుగా వెలుపలికి వచ్చును, సీలు కేసులోనే ఉండును. బుష్‌లున్న ఫోర్కులో పైపును కొన్నిసార్లు ఎదురు లాగులతో లాగినచో సీలుతోసహా వచ్చును. కేసులో మిగిలిన సీలును పెకలించునప్పుడు అంచుపై మందపు గుడ్డ నుంచవలెను. సీలు కూర్చుండు గోడకు గీత పడినచో క్రొత్త సీలు ప్రక్కనుండి నూనె కారును.

పైపు పరీక్ష

ఈ పని అంతటిలో ముఖ్యమైనది ఇదియే. పైపును కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, మూడు విధముల చూడవలెను.

మొదటిది, వంకర. పైపును దళసరి గాజుపలక మీద దొర్లించి, క్రిందినుండి వెలుతురు కనబడుచున్నదేమో చూడవలెను. ఒకచోట సందు కనబడి, పైపు దొర్లినకొలది ఆ సందు మూసికొనుచు తెరచుకొనుచు నున్నచో అది వంగినది. వంగిన పైపును ఇంట సుత్తితో కొట్టి సరిచేయుట ప్రాణాపాయము. వెలుపలికి కనబడని పగులు లోపల ఉండవచ్చును. అట్టిదానిని మార్చవలెను.

రెండవది, తుప్పు. బండి నడుచునప్పుడు సీలు రాచుకొను భాగములో, అనగా బాటమ్ కేసు అంచునకు పైన జానెడు మేరలో, తుప్పు గుంటలున్నవేమో గోటితో తడిమి చూడవలెను. యూరియా, పొటాషు బస్తాలు మోసిన బండ్లకును, సముద్రపు గాలి తగులు గ్రామములలోని బండ్లకును తుప్పు త్వరగా పట్టును. ఎరువు పొడి చెమ్మను పీల్చి పైపు మీద నిలుచుటయే దీనికి కారణము. సీలు తాకని పైభాగపు తుప్పువలన నూనె కారదు. కాని క్రిందికి ప్రాకకుండ తుడిచి నూనె రాయవలెను.

మూడవది, సన్నని గీతలు. చిటికెడు దూదిని పైపు వెంబడి నిదానముగా జరుపవలెను. కంటికి కనబడని ముల్లువంటి అంచు ఉన్నను దూది పోగు అక్కడ చిక్కుకొనును. అచట ఎమరీ కాగితమును నూనెలో తడిపి, పైపు చుట్టును అడ్డముగా రుద్దవలెను. నిలువుగా రుద్దరాదు. నిలువు గీతలు నూనె పైకెక్కుటకు కాలువలవలె పనిచేయును. దూది చిక్కుకొనకుండ జారిన పిదప రుద్దుట మానవలెను. ఎక్కువగా రుద్దినచో పై క్రోము పూత పోయి మరింత తుప్పు పట్టును. గోరు దిగునంత గుంట ఉన్నచో ఎమరీ పనికిరాదు. పైపును మార్చుటయో, మరల క్రోము పట్టించుటయో చేయవలెను.

తరువాత రెండు స్ప్రింగులను ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెను. ఒకటి కురచగా ఉన్నచో గాని, రెండును పుస్తకములో చెప్పిన పొడవుకంటె తగ్గినచో గాని జతగా మార్చవలెను. సీటు పైపు రంధ్రములలో మడ్డి పేరుకొన్నచో సన్నని తీగతో తీయవచ్చును గాని, రంధ్రములను పెద్దవి చేయరాదు.

తిరిగి కూర్చు విధానము

భాగములన్నియు శుభ్రపరచి ఆరిన తరువాత సీటు పైపును పైపులోనికి జారవిడిచి, దాని చివర ఉండు చిన్న గిన్నెవంటి భాగమును మరువక తొడిగి, పైపును బాటమ్ కేసులో ఉంచవలెను. అడుగు బోల్టునకు క్రొత్త రాగి వాషరు వేసి బిగింపవలెను. సీటు పైపు తిరిగినచో స్ప్రింగును, మూతను తాత్కాలికముగా పెట్టి, నొక్కిపట్టి బిగింపవచ్చును.

సీలు పెదవులకు ఫోర్కు ఆయిలు రాయవలెను. పైపు పై అంచునకు పలుచని ప్లాస్టిక్ సంచి తొడిగి, దానిమీదుగా సీలును దింపినచో పెదవి కోసుకొనదు. సన్నని చుట్టు స్ప్రింగు కనబడు ముఖము నూనె వైపు, అనగా క్రిందికి, ఉండవలెను. అక్షరములున్న ముఖము సాధారణముగా పైకి ఉండును. పి.వి.సి. గొట్టముతో చుట్టును సమముగా మెల్లగా కొట్టుచు, తీగ క్లిప్పు గాడి పూర్తిగా కనబడువరకు దింపవలెను. గాడి కొంతే కనబడినచో సీలు వంకరగా కూర్చున్నదన్నమాట. క్లిప్పు గాడిలో చక్కగా అమరిన తరువాత దుమ్ము సీలు తొడుగవలెను.

నూనె పోయుట

పుస్తకములో రెండు కొలతలు ఉండవచ్చును. నూనె మాత్రము మార్చినప్పుడు ఒకటి, పూర్తిగా విప్పి కడిగినప్పుడు ఇంకొకటి. నూనె మాత్రము వంచినప్పుడు లోపల కొంత మిగులును గాన మొదటి కొలత తక్కువ. మీరు పూర్తిగా విప్పితిరి కాబట్టి రెండవదే పోయవలెను. వంచిన పాత నూనెను కొలిచి అంతే క్రొత్తది పోయుట తప్పు. పాతదానిలో కొంత కారిపోయినది గదా.

ఇంజను ఆయిలు, వాడి తీసిన ఆయిలు, బ్రేకు ఆయిలు ఫోర్కులో పోయరాదు. ఇంజను ఆయిలు చిక్కనిది. చలి ఉదయములలో ఫోర్కు బిగిసి, చిన్న గతుకులన్నియు చేతులకు తగులును. బ్రేకు ఆయిలు సీళ్ల రబ్బరును పాడుచేయును.

స్ప్రింగు పెట్టక ముందే నూనె పోసి, పైపును నిదానముగా పదిసార్లు ఆడించి గాలి బుడగలు పోవువరకు ఆగవలెను. తరువాత పైపును పూర్తిగా లోనికి దింపి, కాలిని నిలువుగా పట్టి, పైపు పై అంచునుండి నూనె మట్టము వరకు సన్నని పుల్లతో కొలవవలెను. ఈ మట్టము రెండు కాళ్లలోను సమముగా ఉండుట అవసరము. లోపలి వ్యాసము 26 మి.మీ. గల పైపులో 10 మి.లీ. నూనె తేడా వచ్చినచో మట్టము సుమారు 19 మి.మీ. మారును. అనగా రెండు టీ చెంచాల నూనె ఎక్కువ తక్కువైనను పైపులో ఒక వ్రేలి వెడల్పుకు దగ్గరగా తేడా వచ్చునన్నమాట. ఒక కాలు గట్టిగను, ఒక కాలు మెత్తగను ఉన్న బండి గతుకులలో మెలిదిరుగును. కన్నుతో అంచనా వేసి పోయుట పనికిరాదు.

పిమ్మట స్ప్రింగును, వాషరును, క్రొత్త ఓ రింగుతో మూతను పెట్టవలెను. మూత మరలు చాల సన్నవి. ముందు చేతితోనే త్రిప్పవలెను. వంకరగా పట్టినచో మరలు పోవును.

బండికి బిగించుట

రెండు పైపులును టీలో ఒకే ఎత్తున ఉండవలెను. డ్రమ్ము బ్రేకు బండ్లలో బ్రేకు పళ్లెమునకు ఒక గాడి, బాటమ్ కేసునకు ఒక మొటిమ ఉండును. మొటిమ గాడిలో కూర్చుండినదని కంటితో చూచి, చేతితో తడిమి నిశ్చయించుకొనవలెను. ఇది తప్పినచో బ్రేకు పట్టగానే పళ్లెము చక్రముతోపాటు తిరిగి, కేబులు తెగి, చక్రము బిగిసి మనిషి ఎగిరి పడును. ఈ పనిలో ఇంతకుమించిన ప్రమాదము లేదు.

ఇరుసు నట్టును బిగించి, బండిని నేలపై దింపి, ముందు బ్రేకు పట్టి ఫోర్కును అయిదారుసార్లు నొక్కవలెను. కాళ్లు తమంతతాము సరిపడును. ఆ తరువాతనే టీ బోల్టులను, మడ్‌గార్డు బోల్టులను పుస్తకములో చెప్పిన బిగువుకు బిగింపవలెను. ఇట్లు చేయక ముందే బిగించినచో కాళ్లు ఒకదానినొకటి లాగుకొని ఫోర్కు బిగిసి నడుచును. నూనె తగిలిన బ్రేకు షూలను, ప్యాడులను కడిగి వాడరాదు. మార్చవలెను.

సర్దుబాటు

చిన్న బండ్ల ముందు ఫోర్కులకు త్రిప్పి సరిచేయు మరలు సాధారణముగా ఉండవు. అయినను కుంగును కొలిచి తగిన మార్పు చేయవచ్చును. చక్రము గాలిలో నున్నప్పుడు దుమ్ము సీలు అంచునుండి టీ వరకు పైపు పొడవు కొలవవలెను. తరువాత బండిని నేలపై దింపి, రోజూ నడుపు మనిషి కూర్చుండగా మరల కొలవవలెను. ఈ రెండింటి తేడాయే కుంగు. ఫోర్కు మొత్తము కదలికలో నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు కుంగు ఉండుట మంచిది. కదలిక 120 మి.మీ. అయినచో కుంగు 30 మొదలు 40 మి.మీ. ఉండవలెను.

కుంగు ఎక్కువైనచో స్ప్రింగులు అలసినవి. క్రొత్త జత వేయుట ఉత్తమము. కుంగు సరిగా ఉండి, పెద్ద గుంటలలో మాత్రము అడుగు కొట్టుకొనుచున్నచో రెండు కాళ్లలోను నూనె మట్టమును 5 మి.మీ. పెంచి చూడవచ్చును. అంతకుమించి పెంచుట సీళ్లకు చేటు. ఒకసారి ఒక మార్పు మాత్రమే చేసి, నడిపి చూచి, తరువాత రెండవదానికి పోవలెను.

బరువు వెనుక వేయుదురు గాన వెనుక షాకుల సర్దుబాటు గాడులను బరువునకు తగినట్లు త్రిప్పుట మరువరాదు. వెనుక మరీ కుంగినచో ముందు చక్రము తేలికై హ్యాండిలు వణకును. పాల క్యానులను గాని, సంచులను గాని హ్యాండిలుకు వ్రేలాడదీయరాదు. ఫోర్కు ఎంత బాగుగా నున్నను ఆ బండి మలుపులో మన మాట వినదు.

మొదట ఇంటి వాకిటనే నెమ్మదిగా నడిపి బ్రేకు చూచుకొనవలెను. 20, 30 కిలోమీటర్లు నడచిన తరువాత బోల్టులన్నింటిని మరల తడిమి చూడవలెను. మొదటి రోజు పైపుపై పలుచని తడి కనబడుట సహజము. తుడిచిన తరువాత మరల వలయముగా నిలిచినచో మాత్రము సీలును చూడవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

పొలమునుండి రాగానే పైపులపై బురదను తడిగా ఉన్నప్పుడే కడిగి తుడువవలెను. ఎండిన బురదను గీకరాదు. నీటి మోటారు గొట్టపు ధారను నేరుగా సీలుపై కొట్టరాదు.

ఎరువు బస్తాలు మోసిన రోజున పైపులను తడిగుడ్డతో తుడిచి, ఆరిన పిదప నూనె గుడ్డతో ఒకసారి రాయవలెను.

పైపులకు రబ్బరు తొడుగులున్నచో వానను బట్టి అప్పుడప్పుడు ఎత్తి చూడవలెను. లోపల నీరు నిలిచినచో తొడుగే తుప్పునకు కారణమగును.

తీసిన పాత నూనెను కాలువలోను, బావి దగ్గరను, పశువుల కొట్టమువద్దను పారబోయరాదు. పశువులు నాకినచో హాని కలుగును. సీసాలో పోసి, పాత ఆయిలు తీసికొను వర్క్‌షాపునకు ఇవ్వవలెను.

ప్రమాదములో ఢీకొన్న బండి ఫోర్కును, టీవద్ద పగులు కనబడిన ఫోర్కును ఇంట విప్పక అనుభవజ్ఞుడైన మెకానిక్కుకు చూపవలెను. తక్కిన సందర్భములలో పై క్రమము తప్పక పాటించినచో, కొలది ఖర్చుతో ఒక పూట శ్రమలో మీ బండి ముందు చక్రము మరల నేలను గట్టిగా పట్టుకొని నడువగలదు.